నూనెరంగు ముగ్గు

గురజాల,
వ్యయ నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి భ్రమరాంబకు,

నీ అత్త అంకమ్మ దీవించి రాయిస్తున్నది. నువ్వూ, నా కొడుకు కేశవులూ పచ్చగా ఉండాలి. దీవెన అయిపోయింది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ ఉత్తరం రాస్తున్నది మిషను బడి ప్రభుదాసు పంతులు. చెబుతున్నది నేను. "కొంచెం మెత్తగా మారుస్తానమ్మా" అంటాడు. మారిస్తే రేపటి నుంచి మజ్జిగ లేదని చెప్పాను. కాబట్టి ఇందులో ప్రతి ముక్కా నాదే.

గాజుల జైనాబ్ బీ మీ నరసరావుపేట వీధులన్నీ తిరిగి నిన్ననే వచ్చింది. గాజుల మలారం దించకముందే అడిగింది: "ఏందత్తా, మీ కోడలు గుమ్మం ముందు మెట్టు మీద ముగ్గుకు నూనెరంగు ఏయించిందంటగా? ఎర్ర సిమెంటు మీద తెల్లటి తామరపువ్వు. వానొచ్చినా పోదంట, కడిగినా పోదంట." నేను నమ్మలేదు. "నువ్వు చూసింది చాపేమోనే" అన్నాను. "చాపేంది అత్తా, కాలితో రాసి చూశాగా, గోరంత కూడా రాల్లా!" అన్నది. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. వాళ్ళు నవ్వింది నన్ను చూసి, నిన్ను చూసి కాదు.

ఫాల్గుణంలో మీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు అన్నీ చూశాను, ఏమీ అనలేదు. వంటింట్లో ఒకటి రెండు అని ఉంటాను, అది లెక్కలోకి రాదు. హాలు మధ్య ఆ గాజు దీపాల గుత్తి, ఎవరో జమీందారు ఇంట్లో అమ్మితే తెచ్చిందట. గాలి వీస్తే ఎద్దు మెడలో గంటల పట్టెడలాగా గలగలమంటూ ఉంది. బంగారు పూత చట్రంలో నిలువుటద్దం ఒకటి. అందులో ఎవరో ముసలిది ఎదురొస్తుంటే దారి ఇద్దామని పక్కకు జరిగాను, అదీ జరిగింది. ముఖమల్ కుర్చీలో కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు కావలసి వచ్చారు. కిటికీలకు రంగు అద్దాలు పెట్టారు, భోజనానికి కూర్చుంటే విస్తట్లో అన్నం ఒక పక్క ఎర్రగా, ఒక పక్క ఆకుపచ్చగా ఉంది. ఏది పప్పో ఏది పచ్చడో వేలు పెట్టి చూసుకోవలసి వచ్చింది.

నాకు సొగసు తెలియదనుకోకు. మా ఇంటి గోడలకు పిడుగురాళ్ల సున్నం, అడుగున జానెడు ఎర్రటి జాజు పట్టీ. మూల ఇత్తడి బిందెల దొంతి. వాటిని చింతపండు పెట్టి తోమి నిలబెడితే సాయంత్రపు ఎండకు ఊరంతా చూడాలి. సొగసంటే చేత్తో చేసేది. చేస్తే ఉంటుంది, మానేస్తే పోతుంది. నువ్వేమో ఒకసారి చేయించి, ఇక జన్మలో చెయ్యనవసరం లేకుండా చేసుకున్నావు.

దీపాలు నీ ఇష్టం. అద్దాలు నీ ఇష్టం. ముగ్గు మాత్రం నీ ఒక్కదాని ఇష్టం కాదు. ఆ రంగు చెక్కించి పారెయ్యి. అది ఉన్నంత కాలం నేను నీ గడప తొక్కను.

కేశవులు ముఖం ఉగాది నాటి నుంచి ఇంతవరకూ చూడలేదు. పత్తి బేరాలు ఎన్ని ఉన్నా నెలకోసారి వచ్చేవాడు. వాడిని పంపు. కొడుకును చూసుకోవడానికి నేను నీ రంగు దాటి రావాలా?

ఇట్లు,
అంకమ్మ.


నరసరావుపేట,
17-6-46.

పూజ్యులైన అత్తయ్యగారి పాదాలకు,

భ్రమరాంబ నమస్కరించి వ్రాసేది. మీ ఉత్తరం అందింది. ఒక్క మాటైనా మెత్తబడకుండా రాసినందుకు ప్రభుదాసు మాస్టారుగారికి కూడా నమస్కారాలు.

సిమెంటు మెట్టు మీద ముగ్గుపిండి నిలవదు అత్తయ్యా. మా వీధిలో పడమటి గాలి జాస్తి. తెల్లవారుజామున వేసింది ఎండెక్కేసరికి ఉండదు. గుంటూరులో మా అన్నయ్య ఇంట్లో ఇలాగే వేయించారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. పొద్దున పూట ఆ కాస్త సమయం వేరే పనులకు అక్కరకు వస్తున్నది.

మీ అబ్బాయిగారు ఈ మధ్య బయట తిరగడం తగ్గించారు. వ్యాపారం సంగతులు ఇంటి దగ్గర నుంచే చూసుకుంటున్నారు. హాల్లో, మీకు నచ్చని ఆ దీపాల గుత్తి కిందనే మంచం వేయించాం. మధ్యాహ్నం కిటికీ ఎండ గాజు మీద పడితే గోడలంతా రంగులు తిరుగుతాయి. వారు వాటిని చూస్తూ పడుకుంటారు.

ఇప్పట్లో వారు గురజాల రాలేరు. మీరే ఒకసారి రావాలి. రంగు సంగతి నన్ను తరువాత తిట్టవచ్చు. దాని మీద కాలు పెట్టవద్దు, దాటి అడుగు వెయ్యండి, చాలు. మీరు వస్తే వారికి బాగుంటుంది.

జైనాబ్ బీ చేత ఒక ముఖమల్ దిండు పంపాను. అరుగు మీద కూర్చునేటప్పుడు వీపుకు పెట్టుకోండి.

మీ కోడలు,
భ్రమరాంబ.


గురజాల,
జ్యేష్ఠ బహుళ ద్వాదశి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి భ్రమరాంబకు అంకమ్మ దీవెనలు.

దిండు చేరింది. పిల్లికి నచ్చింది. అందులో నాలుగు కూనలు పెట్టింది. ముఖమల్ మీద పుట్టిన పిల్లులు ఈ పల్నాటిలో ఇవే మొదలు కావచ్చు.

గాలికి పోతుందని రంగు వేయించావా? పోనీవే. పోవడానికే వేసేది ముగ్గు. పోతేనే గదా రేపు మళ్ళీ లేచి వేస్తావు. నిన్నటి ముగ్గు ఇవాళ ఎవరికి కావాలి?

నీకు చదువు వచ్చు గనక తెలియదు, చెబుతాను విను. నాకు అక్షరం ముక్క రాదు. బస్సు మీద ఏ ఊరి పేరు రాసి ఉందో పక్కవాడిని అడగాలి. కానీ పొద్దున్నే మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచానంటే ఏ ఇంట్లో ఏముందో చెప్పగలను. గీత సన్నగా, పొందికగా పడితే ఇంటిల్లిపాదీ కులాసా. వంకరపోతే మొగుడూ పెళ్ళాం కాట్లాడుకున్నారు. రెండు చుక్కలు పెట్టి వదిలేస్తే లోపల బిడ్డ ఏడుస్తున్నది. మనిషి మంచాన పడితే మొదట ఆగేది ముగ్గే. అసలు వాకిలే బోసిగా ఉంటే నేను పిలుపు కోసం చూడను, చెప్పులు విడిచి లోపలికి పోతాను. నేను బొట్టు తీసేసినదాన్నే అయినా నా వాకిట్లో ముగ్గు నా చేత్తోనే వేస్తాను. ఇదేందని అడిగిన మొనగాడు ఇంకా ఈ ఊళ్ళో పుట్టలేదు.

మరి నీ వాకిలి ఏం చెబుతుంది? చెప్పిందే చెబుతుంది.

నువ్వు రాసింది పంతులు చదివాడు. మళ్ళీ చదవమన్నాను. పట్టపగలు మగవాడు హాల్లో పడుకుని గోడ మీద రంగులు చూడటమేంది? వాడికి ఒంట్లో బాగుందా? బాగుంటే వాడి చేత్తో రెండు ముక్కలు రాయించు. వాడి చేత ఓనమాలు దిద్దించింది ఈ పంతులే, దస్తూరీ చూస్తే గుర్తుపడతాడు. నీ మాట నాకు చాలదు. రంగు చెక్కించానని కూడా రాయి. రెండూ అయితే వస్తాను.

అంకమ్మ.


నరసరావుపేట,
3-7-46.

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ మాటే నెగ్గింది. మేస్త్రీని పిలిపించి రంగు చెక్కించేశాను. ఇప్పుడు మెట్టు మీద పొద్దున్నే నేనే పిండితో ముగ్గు వేస్తున్నాను. ఇక మీకు అడ్డం ఏమీ లేదు. దయచేసి త్వరగా రండి.

కింద మీ అబ్బాయిగారు తమ చేత్తోనే రాశారు.

భ్రమరాంబ.

అమ్మా, కులాసా. నువ్వు రా. మీగడ పెరుగు తేవద్దు. నీ కోడలి మీద కోప్పడకు.
కేశవులు.


గురజాల,
ఆషాఢ శుద్ధ అష్టమి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి భ్రమరాంబకు దీవెనలు.

చెక్కించావన్నమాట. ఇంత తొందరగా లొంగుతావనుకోలేదు. ఇంకా రెండు ఉత్తరాలకు సరిపడా తిట్లు కూడబెట్టుకుని ఉన్నాను, అవి వృథా పోయాయి.

కేశవులు రాసింది పంతులు చదివాడు. చదివి కాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చున్నాడు. "ఏందయ్యా, వాడిది కాదా దస్తూరీ?" అన్నాను. "వాడిదేనమ్మా. కళ్ళజోడు మసకగా ఉంది," అన్నాడు. తుడుచుకోవయ్యా అంటే తుడుచుకున్నాడు.

పెరుగు తేవద్దన్నాడేంది? చిన్నప్పుడు మీగడ కోసం నా కొంగు పట్టుకుని వెనకాలే తిరిగినవాడు. మీ పేట నీళ్ళు తాగి నాలుక కూడా మారిపోయిందా?

వస్తాను. ఆషాఢంలో కొత్త ఇంటి గడప తొక్కకూడదనేది మా అమ్మ నాటి పట్టింపు. అదీగాక, పిలవగానే ముసలిది పరిగెత్తుకొచ్చిందని నీ చేత అనిపించుకోను. శ్రావణం మొదటి శుక్రవారం వస్తాను. పెరుగు తేను. కొత్త చింతకాయ పచ్చడి తెస్తాను. అదీ వద్దంటాడేమో అడిగి రాయి.

అంకమ్మ.


గురజాల,
ఆషాఢ బహుళ షష్ఠి.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, నా కోడలు భ్రమరాంబకు,

పోస్టు వాళ్ళు దేశమంతటా సమ్మె కట్టారట. ఉత్తరాలు లేవు, తంతి కబుర్లు లేవు. ఈ కాగితం డబ్బాలో వేస్తే ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలంటాడు పంతులు. కదిలినప్పుడే కదులుతుంది. మనసు బాగుంది, చెప్పాలనిపించింది, రాయిస్తున్నాను.

నువ్వు జవాబు రాయకపోయేసరికి నాకు ముద్ద దిగలేదు. సమ్మె సంగతి తెలిసినా దిగలేదు. సున్నం బండ్ల మీరా సాహెబు పేటకు తోలుతున్నాడని తెలిసి పిలిపించాను.

"ఒరేయ్ మీరా, మా కేశవులు ఇల్లు ఎరుగుదువా?"

"రంగు అద్దాల ఇల్లంటే పేటలో ఎవరైనా చూపిస్తారత్తా."

"ఆ వీధిన పో. బండి దిగొద్దు. తలుపు కొట్టొద్దు. ఎవరినీ ఏమీ అడగొద్దు. ముసలిది బెంగపడి మనిషిని తోలిందని నా కోడలికి తెలిసిందో, మళ్ళీ నా అరుగెక్కనియ్యను."

"దిగకుండా, అడగకుండా నేనేం చూసేదత్తా?"

"గుమ్మం ముందు చూడరా. ముగ్గుంటే ఎనక్కి వచ్చెయ్. లేకపోతే బండి ఆడనే వదిలేసి లోపలికి ఉరుకు. ఎంత చీకటిపడ్డా సరే, వచ్చి నన్ను తీసుకుపో."

నిన్న వచ్చాడు. వాడు బండి నిలపకముందే వీధిలోకి పోయి అడిగాను.

"ఉందత్తా! తెల్లగా, కడిగిన ముత్యంలాగా ఉంది. ఎంత పెద్ద పువ్వనుకున్నావ్! గీత చెక్కుచెదరలా. ఎండ ఎక్కినా ఒక్క రేకు రేగలేదు. మంచి చెయ్యత్తా మీ కోడలిది. మా ఇంటిదానికి నేర్పించమను."

నా గుండెల మీద నుంచి తిరగలి దించినట్టయింది. వాడికి కడుపునిండా పెట్టాను. వాడి ఎడ్లకు కూడా చిట్టు పెట్టించాను.

ఇన్నాళ్ళూ నిన్ను కొంచెం ఎక్కువ అన్నానేమో. పంతులు ఇది విని కలం ఆపి నా వంక చూస్తున్నాడు. చూడనీ. రాయవయ్యా, రాయి. నీ చెయ్యి మంచిదని మీరా అన్నాడు, వాడు ఒకరిని పొగిడే రకం కాదు. రోజూ అదే తామరపువ్వు వేస్తున్నట్టున్నావు. నేను వచ్చినప్పుడు రథం ముగ్గు నేర్పిస్తాను. నీ నిలువుటద్దం ముందు కూర్చోబెట్టినా కూర్చుంటాను. ఆ గాజు దీపాలు కూడా ఒకసారి వెలిగించి చూపించు, ఏముందో అందులో.

శ్రావణ శుక్రవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. ఇద్దరూ కులాసాగా ఉండండి.

మీ అమ్మ,
అంకమ్మ.


నరసరావుపేట,
16-8-46.

అత్తయ్యగారికి,

ఈ ఉత్తరం మాస్టారుగారు అరుగు మీద పైకి చదువుతారని, అక్కడ ఎవరెవరు ఉంటారో వాళ్ళందరూ వింటారని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ అదే నా నోరు కట్టేసింది. ఇప్పుడు విననివ్వండి. దాచవలసిన మనిషి లేరు.

సమ్మె విడిచిన తరువాత మీ ఉత్తరం వచ్చింది. పోస్టువాడు ఇచ్చి వెళ్ళాడు. మైల తీరి, నా చేతుల గాజులు తీసిన మర్నాడు వచ్చింది. పైన మాస్టారుగారి అందమైన దస్తూరీలో నన్ను మీరు ఏమని పిలిచారో చదివాను. ఆ మాట దాటి కిందికి పోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

మీరా సాహెబు మా వీధిన వచ్చింది గురువారం. మీ అబ్బాయి పోయింది సోమవారం. మధ్యలో ఆయన తెలివిలోనే ఉన్నారు. శుక్రవారం, శనివారం బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా "అమ్మేమో చూడు" అన్నారు. మీరా సాహెబు బండి చప్పుడు కూడా విని ఉంటారు. నేను గుమ్మం దాకా వచ్చి చూసి ఉంటే అతన్ని ఆపేదాన్నే. మంచం దగ్గర నుంచి కదల్లేకపోయాను.

క్షయ అని ఉగాది తరువాత తెలిసింది. మదనపల్లె క్షయ ఆసుపత్రికి పంపమన్నాడు డాక్టరు. వెళ్ళనన్నారు. మీకు చెప్పవద్దన్నారు. మామయ్యగారు కూడా దానితోనే పోయారటగా. "అమ్మ ఆ దగ్గు మళ్ళీ విని తట్టుకోలేదు. కాస్త తేరుకున్నాక పిలుద్దాం" అన్నారు. నేను రాద్దామనుకున్నా ఎలా రాసేది? మీకు ఉత్తరం రాస్తే మీకొక్కరికే రాసినట్టు కాదు. ఆ రోగం పేరు ఊళ్ళో తెలిస్తే ఆయనతో బేరం చేసేవారెవరు, మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవారెవరు? అందుకే రండి, రండి అని మాత్రం రాశాను. అది చదివితే మీకు అర్థమవుతుందనుకున్నాను.

ముగ్గు సంగతి. తెల్లవారుజామునే ఆయనకు దగ్గు తెర వచ్చేది. ఆ సమయంలో ఒక చేత్తో ఆయన వీపు, ఒక చేత్తో గిన్నె పట్టుకునేదాన్ని. వాకిట్లోకి రావడానికి వీలయ్యేది కాదు. రెండు మూడు రోజులు వాకిలి బోసిగా ఉంటే ఎదురింటివాళ్ళు వచ్చి అడిగారు. అందుకని రంగు వేయించమని ఆయనే అన్నారు. ఎవరికీ ఏమీ తెలియకూడదనే వేయించాం. ఎవరికీ తెలియలేదు.

మీరు చెక్కించమన్నారని మేస్త్రీని నిజంగానే పిలిపించాను. అతను ఉలి వేశాడు. నాలుగు దెబ్బలకే సిమెంటు దుమ్ము హాల్లోకి వచ్చి ఆయనకు దగ్గు తెర అందుకుంది. ఆ రోజు మొదటిసారి రక్తం పడింది. మేస్త్రీని పంపేశాను. అయినా మీరు రావాలి. రంగు పోతే గాని రానన్నారు. అందుకని పోయిందని రాశాను. వచ్చాక నా జుట్టు పట్టుకున్నా సరే, ముందు వస్తారు గదా అనుకున్నాను. నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే.

మా అన్నయ్య గురజాల వచ్చి కబురు చెప్పాక మీరు వచ్చారు. నేను లోపల నుంచి చూశాను. వీధిలో నిలబడ్డారు. ఇంట్లో ఏడుపులు, గుమ్మం ముందు ముగ్గు. మీరు ఒంగి చూశారు. కాలి బొటనవేలితో ఒక రేకును రాశారు. మళ్ళీ రాశారు. తరువాత వచ్చిన దారినే తిరిగిపోయారు. నేను "అత్తయ్యా" అని పిలిచాను. వినపడే దూరమే అది.

మరొక్క మాట. మీరు కోప్పడ్డ దీపాలు, అద్దం, రంగు కిటికీలు ఏవీ నా ముచ్చట కాదు. అన్నీ ఆయనవే. పత్తి బేరానికి ఒక జమీందారుగారి ఇంటికి చిన్నతనంలో వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి ఆ దీపాల గుత్తి చూశారట. మీకు నచ్చదని తెలుసు గనక నా మీద పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. నాకు నచ్చింది మీ ఇత్తడి బిందెలు, జాజు పట్టీ. ఇక్కడ వేయిస్తానంటే "వద్దు, ఊరు వాసన" అన్నారు. చివరి రోజున కూడా కిటికీ మూయనివ్వలేదు. రంగులు గోడ మీదికి వచ్చే వేళ ఇంకా కాలేదు, అప్పుడే పోయారు.

ఇల్లు అమ్మేస్తున్నారు. అన్నయ్య గుంటూరు రమ్మంటున్నాడు. నాకు అక్కడికి పోవాలని లేదు. మీరు ఒప్పుకుంటే గురజాల వచ్చి మీ దగ్గర పడి ఉంటాను. దీపాల గుత్తి అమ్మకుండా తెస్తాను.

భ్రమరాంబ.


గురజాల,
శ్రావణ బహుళ ఏకాదశి.

భ్రమరాంబకు,

పైన ఏమి రాయమంటారని పంతులు అడిగాడు. పేరు రాయవయ్యా, చాలు అన్నాను.

నీ ఉత్తరం పంతులు పైకి చదవలేదు. అరుగు మీదవాళ్ళను పంపేసి, లోపలికి వచ్చి, నా దగ్గరగా కూర్చుని మెల్లగా చదివాడు. మిషను బడి మనిషి మా నడవ దాటి లోపలికి రావడం ఇదే మొదలు. నేనే రమ్మన్నాను. మధ్యలో ఆగాడు. కేశవులు రాసిన రెండు ముక్కలు చూసిన రోజునే వాడి చెయ్యి వణికిందని తెలుసుకున్నాడట. నాకు చెప్పలేదు. నువ్వు చెప్పలేదు. వాడు చెప్పలేదు. చదువుకున్న వాళ్ళందరూ కలిసి నా మీద దయ చూపించారు.

విను. నా ఫిర్యాదు ఇది. ఇక మళ్ళీ చెప్పను.

వాడి రోగం నువ్వు తెచ్చింది కాదు. నువ్వు చాకిరీ చేశావు, కాదనను. దీపాలు వాడివంటున్నావు. నమ్మను. నా కొడుకుకు నా ఇల్లు ఊరు వాసన కొట్టిందంటే నేను నమ్మను. నమ్మితే మాత్రం ఇప్పుడు ఏం చెయ్యను, వాడిని అడగనా?

నాకు రాతలు రావు. ఉత్తరంలో నువ్వు ఏం రాసినా పంతులు నోటి నుంచి రావాలి. పంతులు మింగితే మింగినంత పోతుంది. ఈ భూమ్మీద ఒకరి సాయం లేకుండా నా కళ్ళతో నేను తెలుసుకోగలిగింది వాకిలి ఒక్కటే. దాన్ని కూడా నువ్వు రంగు వేసి మూసేశావు. ఎదురింటి వాళ్ళకు తెలియకూడదని వేశావు. నాకు తెలియకుండా పోయింది.

వాకిలి చూసి రమ్మన్నది నేనే. బండి దిగవద్దన్నది నేనే. మీరా వచ్చి మా అరుగు కింద తల బాదుకుని ఏడ్చాడు. "నువ్వు దిగొద్దంటే దిగలేదత్తా" అన్నాడు. వాడిని ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏముంది? నిన్ను కూడా ఇక ఏమీ అనను. తిట్టడానికి ఎదురుగా కొడుకు అనేవాడు ఉండాలి. వాడు "పోనీలే అమ్మా" అనాలి. అప్పుడే గదా కోడలిని తిట్టడంలో రుచి.

వాడు వీధిలో బండి చప్పుడు విని అమ్మేమో అన్నాడని రాశావు. అది రాయకుండా ఉండవలసింది. అబద్ధం ఆడదలుచుకుంటే అక్కడ ఆడవలసింది.

ఇక్కడికి రావద్దు. వస్తే పొద్దున లేచి నీ ముఖం నేను, నా ముఖం నువ్వు చూడాలి. నువ్వు నా బిందెలు తోముతావు, నేను నీకు అన్నం పెడతాను. ఇద్దరం వాడి మాట ఎత్తకుండా తిరుగుతాం. నాకు ఓపిక లేదు. గుంటూరు పో. నీకింకా వయసు ఉంది, చదువు ఉంది.

దీపాల గుత్తి ఇక్కడికి పంపవద్దు. మా ఇంటిది తాటి దూలం, దాన్ని మొయ్యదు.

మైల తీరిన రోజున మా వాళ్ళు ఇల్లు అలికి, వాకిలి చిమ్మి, పేడనీళ్ళు చల్లి, ముగ్గుబుట్ట తెచ్చి నా చేతికి ఇచ్చారు. తీసుకోలేదు. ఆ రోజు నుంచి వెయ్యడం లేదు. జైనాబ్ బీ "ఇంకా ఎన్నాళ్ళత్తా ఇట్ట బోడిగా? వీధికి మంచిది కాదంట" అంటుంది. "వీధిని వేరే వీధికి పొమ్మనవే" అన్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక బిచ్చగాడు వచ్చాడు. ఈ ఊరివాడు కాదు, మమ్మల్ని ఎరగడు. వీధి చివర నుంచి వరసగా ప్రతి ఇంటి ముందు నిలబడి "అమ్మా, మాదాకవళం" అని అరుస్తూ వస్తున్నాడు. వాడి కేక విని కుండలో ఉన్న అన్నం విస్తట్లోకి తీసి గుమ్మంలోకి వచ్చాను. వాడు మా వాకిలి ముందు ఆగాడు. నేల వంక చూశాడు. చూసి, కేక వెయ్యకుండా, నా వంక తల ఎత్తకుండా, చప్పుడు కాకుండా పక్కింటికి పోయాడు.

నేను విస్తరి పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పిలవలేదు.

అంకమ్మ.